మూడో మీట

ఆఫీసులో అందరూ ఆమెను పుప్పొడమ్మ అంటారు. కొండమీది చెరువు అడుగు నుంచి గొట్టంతో తెచ్చిన బురదలో వందల ఏళ్లుగా పేరుకున్న పుప్పొడిని మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టడం ఆమె పని. పక్కనే లెక్క కోసం మూడు మీటల పెట్టె, మీట నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. చెట్టు పుప్పొడికి ఒక మీట, గడ్డికి ఒకటి, మూడోది పైరుకు. ఆఫీసు పెద్ద అయిన సారు ఆ లెక్కల్ని కంప్యూటరులో వేసి, ఏ కాలంలో ఎంత అడవి, ఎంత సేద్యం ఉండేవో అంచనా కడతారు.

"కొండమీద మొన్నమొన్నటిదాకా సేద్యమే లేదమ్మా," అన్నారాయన ఒకనాడు. ఆ మాట పైకి వెళ్తే, అదంతా అడవి భూమేనని కొండమీది ఊళ్లు ఖాళీ చేయిస్తారు. అక్కడే ఆమెను పెంచిన పిన్ని ఉంది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మర్నాడు లెన్సు తుడుస్తుంటే ఆమెకు తన తప్పు తట్టింది. గడ్డికీ పైరుకూ తేడా రేణువు సైజులోనే, పైరుది పెద్దది. కొన్ని నెలల కిందట లెన్సు మార్చినప్పుడు, సైజు కొలిచే కొలగీతల్ని సరిచూసుకోలేదు. కొత్త లెన్సులో అన్నీ చిన్నగా కనిపిస్తాయి. నెలల తరబడి పైరునంతా గడ్డి మీట మీదే నొక్కేసిందన్నమాట! చెబితే ఉద్యోగం ఊడుతుంది. పైగా, సొంతవాళ్ల కోసం లెక్క తిప్పిందంటారు.

సాయంత్రం పిన్ని ఫోను.

"గొంతేంటే అలా ఉంది? జ్వరమా?"

"ఏం లేదు పిన్నీ."

"నీ గదిలో ఉల్లిపాయలు ఆరబోశా. వచ్చేముందు చెప్పు, తీసేస్తా."

తెల్లవారాక సారు ముందు నిలబడి తన తప్పూ, పిన్ని సంగతీ రెండూ చెప్పేసింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది సార్."

"ఇప్పుడో?"

"ఇంకా ఎక్కువేస్తోంది."

"అయితే నువ్వు ముట్టుకోకు," అని సారు పక్కగది ఆయన్ని పిలిచారు. ఆమె పేరెత్తితే ఒంటికాలి మీద లేచే మనిషి. ఆయన కొలగీతలు సరిచేసుకుని, అదే బురదను మళ్లీ లెక్కపెట్టడానికి కూర్చున్నాడు.

ఆమె తలుపు బయట నిలబడింది. లోపల టక్, టక్. గడ్డి మీట. టిక్. చెట్టు మీట. మళ్లీ టక్. తను భయంకొద్దీ ఊహించుకుందేమో, అక్కడ నిజంగా గడ్డే ఉండేదేమో. తలుపుకి చెవి ఆనించింది.

చప్పుడు ఆగిపోయింది. తర్వాత లోపలినుంచి ఆయన విసుగ్గా అరిచాడు.

"ఏమ్మా, ఈ మూడో మీటేంటి, వాడక బిగుసుకుపోయింది? కాస్త నూనె పట్రా!"