నీలం డబ్బాలో అంబలి

మొన్న మా అమ్మాయికి కొత్త నీళ్ళ సీసా కొని తెచ్చి మూత తిప్పగానే గుప్పున వాసన కొట్టింది. కాస్త తీపిగా, కాస్త మందుల షాపులోకి అడుగుపెట్టినట్టుగా ఉండే కొత్త ప్లాస్టిక్కు వాసన. మూడుసార్లు కడిగి ఎండలో బోర్లించినా అది పోలేదు. విశాఖపట్నంలో మా వంటింటి గట్టు దగ్గర ఆ సీసా పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. నా తొమ్మిదో ఏటి కుళ్ళుమోతుతనమంతా గుర్తొచ్చి సిగ్గేసింది.

మాది అరకు అవతల, రైలు కూత వినబడడమే తప్ప రైలు కనబడని ఊరు. మా ఇల్లూ మా పెదనాన్న ఇల్లూ పక్కపక్కనే. పెదనాన్న కూతురు సుక్రి నాకంటే మూడు నెలలు చిన్నది. పెదనాన్న కొండ కింది ఊళ్ళో ఎవరిదో కూరగాయల తోటలో పురుగుల మందు కొట్టే పనికి కుదిరిన దగ్గర్నుంచీ వాళ్ళింటికి ప్రతి సంతకీ ఒక కొత్త వస్తువు వచ్చేది. మేం కుంకుడుకాయలు కొట్టుకుని కళ్ళు మండి ఏడుస్తుంటే సుక్రి షాంపూ ప్యాకెట్టు పళ్ళతో చింపి తలంతా నురగ చేసుకునేది. మా అమ్మ నా జుట్టుకి వలిసె నూనె పట్టించి లాగి జడ వేస్తుంటే, అది మెడ నిండా పౌడరు పూసుకుని మా గుమ్మం ముందు నుంచే రెండుసార్లు తిరిగేది. దోమలకి మేం పచ్చాకు పొగ వేసుకుంటే వాళ్ళు చుట్ట తిరిగిన దోమల బత్తి వెలిగించుకునేవారు. దాని పొగకి పెదనాన్న ఖళ్ళుఖళ్ళున దగ్గేవాడు. ఆ దగ్గు కూడా నా చెవికి గొప్పగానే వినిపించేది.

అన్నిటికంటే నన్ను కాల్చుకు తిన్నది నీలం డబ్బా. తోటలో మందు అయిపోయిన డబ్బాని పారేయడం ఎందుకని పెదనాన్న ఇంటికి తెచ్చాడు. దానికి పిడి ఉంది, తిప్పితే బిగుసుకునే ఎర్ర మూత ఉంది. మా కొండల్లో పొలానికి అంబలి పట్టుకెళ్ళేది ఆనప బుర్రలో, అంటే ఎండిన సొరకాయ డొల్లలో. కాయని ఇంటి కప్పు మీదే ముదరనిచ్చి, ఎండాక మెడ కోసి, లోపలి గుజ్జు కుళ్ళబెట్టి, ఏటి గులకరాళ్ళూ బూడిదా పోసి చేతులు నొప్పెట్టేదాకా కుదిపేవాళ్ళం. తర్వాత నీళ్ళు నింపి ఒక రాత్రి ఉంచేవాళ్ళం. పొద్దున్నే నాయనమ్మ ఆ నీళ్ళు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, పుక్కిలించి, చేదు పోయిందో లేదో చెప్పేది. చేదు పోతే బుర్ర మంచిదే. డబ్బాకీ అదే పద్ధతి చేశారు. గులకరాళ్ళు పోశారు, బూడిద పోశారు, కుదిపారు, నీళ్ళు నిలవబెట్టారు. నాయనమ్మ పుక్కిలించి "సేదు నేదు. తాగండి" అంది. ఆవిడ నాలుక మీద ఊరందరికీ నమ్మకం.

వానలు వెనక్కి తగ్గి, వలిసె చేలు పసుపచ్చగా పూసి, పొద్దుటి మంచులో నోట్లోంచి పొగలొచ్చే రోజులు. బడి లేనప్పుడు పిల్లలందరం పెద్దవాళ్ళ వెనకే చోడి, అదే రాగి, కోతలకి పోయి, మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని, నంజుకోవడానికి పచ్చిమిరపకాయా ఉప్పుకల్లూ పెట్టుకుని పుల్లటి అంబలి తాగేవాళ్ళం. నా చేతిలో మూతికి ఆకు కుక్కిన బుర్ర, సుక్రి చేతిలో నీలం డబ్బా. ఆ ఎర్ర మూత అది నెమ్మదిగా తిప్పేది, నేను చూస్తున్నానో లేదో ఓరకంట చూసుకుంటూ.

చివరికి నేను గింజలాటలో గెల్చుకున్న అడ్డపిక్కలు మొత్తం, దోసెడు పైగానే, ఇచ్చుకుని ఒక్కరోజుకి ఆ డబ్బా అరువు తెచ్చుకున్నాను. ఆ సాయంత్రమే అంబలి అందులో పోసి పులవబెట్టాను. మర్నాడు పొలంలో అమ్మకి అందించాను. అమ్మ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, అంబలంతా నేల మీద ఒంపేసింది.

"ఒలే గుంటా, ఏటిది? మందు కంపు కొడతంది. పులిసేసరికి బయటికొచ్చినాది. బేగెల్లి మీ పెద్దమ్మకి సెప్పు, దీంట్లో తాగీకండని."

అప్పటికి పనసకాయల పంపకం దగ్గర తేడా వచ్చి అమ్మకీ పెద్దమ్మకీ మాటలు లేవు. రెండిళ్ళ మధ్య కబుర్లు మోసేది నేనే. డబ్బా పట్టుకుని గట్టు దిగుతుంటే సుక్రి ఎదురొచ్చి దాన్ని లాక్కుని, ఎక్కడైనా గీత పడిందేమోనని తిప్పి తిప్పి చూసుకుంది. "రేపు మళ్ళీ ఇమ్మంటే ఇవ్వను" అంది. నా నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉండిపోయింది. మర్చిపోయి కాదు. దానికి తెలియనిది నాకు ఒకటి తెలిసింది, అంతే. ఇంటికెళ్ళి చెప్పానని అమ్మతో అబద్ధమాడాను.

కొత్త పంట వండుకునే కొత్తల పండగ నాటికి సుక్రి మంచం పట్టింది. కొత్త కందులు ఉడుకుతున్న వాసనకే వాంతి చేసుకునేది. తర్వాత చేతులు వణకడం మొదలైంది. పెదనాన్న దాన్ని భుజాన వేసుకుని రైల్లో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. చెప్పుకుంటే నవ్వుతారు గాని, అప్పుడూ నాకు కుళ్ళే వచ్చింది. అది రైలెక్కింది. సొరంగాలన్నీ చూసింది. బ్రెడ్డు తింటుందట, పాలు తాగుతుందట. నేను వాకిట్లో పడి దొర్లి ఏడిచాను.

నెలకి తిరిగొచ్చారు. డాక్టరు ఇంట్లో ఏమేం వాడతారని ఒక్కొక్కటే అడిగి, డబ్బా సంగతి విని తిట్టాడట. దాని వల్లేనని ఆయనా తేల్చి చెప్పలేదట. పెద్దమ్మ ఆ డబ్బాని కత్తితో నాలుగు ముక్కలు నరికి పాతిపెట్టింది. నాయనమ్మ ఆ తర్వాత ఎవరి బుర్ర నీళ్ళూ పుక్కిలించలేదు. అడిగితే నా నాలుక చచ్చిపోయిందనేది. నేను మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పోయినేడాది పండక్కి ఊరెళ్ళాను. ఏ ఇంటి కప్పు మీదా ఆనపతీగ లేదు. పొలానికి వెళ్ళేవాళ్ళ చేతుల్లో కూల్‌డ్రింకు సీసాలే. బుర్ర కుదిపేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. సుక్రి ఊళ్ళోనే ఉంది, ఇద్దరు పిల్లలు. టీ గ్లాసు సగమే నింపి ఇస్తుంది, నిండుగా పోస్తే తొణికిపోతుందని. ఆ సగం గ్లాసు పట్టుకుని ఇక ఉండబట్టలేక అమ్మ ఏం చెప్పమందో, నేనెందుకు చెప్పలేదో మొత్తం చెప్పేశాను.

సుక్రి పొయ్యిలో కట్టెలు సర్దింది.

"కంపు కొడతాదని నాకూ తెలుసే," అంది. "మొదటి దినం నుంచీ తెలుసు. అమ్మకి సెప్తే పారేస్తాదని సెప్పనేదు. నువ్వు దాన్నలా సూత్తంటే నాకు బాగుండేది."