వీపు మీద ఖో

మా పాపకు పదకొండేళ్ళు. వెనకనుంచి ఎవరైనా ముట్టుకుంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది, వెంటనే చెయ్యి లేస్తుంది. ఎవరిని కొట్టిందో కూడా చూసుకోదు. తర్వాత గంటసేపు ఏడుస్తుంది. పిల్ల మొండిది కాదని, భయమే కోపమై బయటికొస్తోందని, పదిమందితో ఆడనివ్వమని అనంతపురంలో డాక్టరమ్మ చెప్పింది. "మీ వంశంలో కోపం లేనిదెవరికి?" అని నా భార్య నవ్వింది.

బత్తలపల్లిలో మాకు అందుబాటులో ఉన్నది ఖోఖో. బళ్ళో ఆటల మేడం సాయంత్రాలు నేర్పేది. గీత మీది గడుల్లో ఎనిమిది మంది, ఒకరు అటూ ఒకరు ఇటూ తిరిగి, కూర్చుంటారు. తరిమే పిల్ల వచ్చి వీపు తట్టి "ఖో" అంటేనే లేచి పరుగెత్తాలి. ఇన్ని ఆటలుండగా మా పిల్ల మనసు పారేసుకున్నది దీని మీదే. పరుగులో దాన్ని అందుకునేవాళ్ళు లేరు. కానీ మొదటి వారంలోనే, తనకు ఖో ఇచ్చిన పొడుగు జడల పిల్లను రెండుసార్లు కొట్టింది. మూడోసారి కొడితే జట్టులోంచి తీసేస్తానని మేడం కబురు పంపింది.

ఇస్త్రీ చొక్కా వేసుకుని బడి మైదానానికి వెళ్ళాను. మా తాతలు ముదిగుబ్బ వైపు పంచాయితీలు చెప్పినవాళ్ళు. వానలు పోయి, బోర్లు ఎండి, భూములు చేతులు మారి, నేనిప్పుడు విత్తనాల అంగట్లో పనిచేస్తున్నాను. అయినా ఒకరి ముందు చేతులు నలుపుకుంటూ నిలబడడం మాకు రాదు. అందుకే, బతిమాలి అడగాల్సిన మాటను పిల్లలందరూ వినేటట్టు ఆజ్ఞలా అన్నాను.

"మా పాపను ఎవురూ ముట్టుకోవద్దండి. నోటితో పిలిస్తే చాలు."

ఆ పిల్లలు చాలామంది కూలికి పోయేవాళ్ళ బిడ్డలు. వాళ్ళ అవ్వతాతలు మాలాంటి వాళ్ళ మిద్దెల బయట నిలబడి విన్న మాటే నా నోట వచ్చింది. నేను చెప్పదలచింది నా బిడ్డ భయం గురించి. అది వాళ్ళకెలా తెలుస్తుంది? మేడం ముఖం చూశాక నాకు తెలిసింది. అయినా ఆ మాట సరిదిద్దకుండానే తిరిగి వచ్చేశాను.

మర్నాడు పాప ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా నిలబడింది.

"నాయనా, నాకు ఎవురూ ఖో ఇయ్యలే. ఆటంతా కూచోనే ఉండా."

"ముట్టుకుంటే నీకు కోపం గదమ్మా?"

"కోపమే. అయినా ఇయ్యల్ల గదా!"

తర్వాతి సాయంత్రం మళ్ళీ మైదానానికి పోయాను.

"ఏమన్నా, ఇంకా ఏం చెప్పల్లని వచ్చినావు?" అంది మేడం.

"చెప్పేదానికి కాదు, కూచునేదానికి" అని, పాప పక్క గడిలో ఎర్రమట్టి మీద కూర్చున్నాను. "పిల్లలూ, అందరూ వినండి. వెనకనుంచి ముట్టుకుంటే మా బిడ్డకు భయం. ఆ భయంతో కొడతాది. మొన్న నేను మాట్లాడింది తప్పు. మీరు బాధపడినారు. నాదే తప్పు."

మా ఇంట్లో మగవాళ్ళు ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. అన్నాక వీపు కొంచెం వంగినట్టే అనిపించింది.

పిల్లలు గుసగుసలాడుకున్నారు. పొడుగు జడల పిల్ల వచ్చి నా వీపు మీద ఫెడీమని చరిచింది.

"ఖో!"

లేవబోయాను. మోకాళ్ళు సహకరించలేదు.

"లెయ్ మామా! మా ముసిలి జేజి నయం గదా నీకంటే!"

"ఖో ఇట్లా ఇస్తారామ్మా? ఇది దెబ్బ!"

"నీ కూతురు రెండు కొట్టింది. రెండిటికీ కలిపి ఒకటే ఇచ్చినా, పో!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మా పాప నవ్వింది.

తర్వాత ఆ పిల్ల పాప ఎదుటికి వచ్చి నిలబడింది. "ఇప్పుడు నీకిస్తా. మూడు లెక్కపెట్టి ముట్టుకుంటా. కొడితే నేనూ కొడతా."

"ఊ" అంది పాప.

ఆ పిల్ల వెనక్కి పోయి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. వీపు మీద చెయ్యి పడింది. పాప భుజాలు చెవులదాకా లేచాయి, పిడికిలి బిగిసింది. ఆ పిడికిలి అలాగే ఉంచుకుని లేచి పరుగెత్తింది. ఎవరినీ పట్టుకోలేదు. గీత చివరనున్న గుంజ దాకా పోయాకగానీ వేళ్ళు విప్పలేదు.

రొప్పుతూ వచ్చి తన గడిలో కూర్చుంది. వెనక్కి చూడకుండానే చెప్పింది:

"ఈసారి లెక్కపెట్టొద్దు."