పుట్టింటి రుమాలు

తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పే రోజుల్లో ఆఫ్రికా పాఠమంటే నాకు మహా విసుగు. పుస్తకంలో అంత పెద్ద ఖండానికి ఇచ్చింది నాలుగు పేజీలు. అందులో ఒక ఎడారి, ఒక అడవి, ఒక పెద్ద నది, ఒక సింహం బొమ్మ, ఒక జిరాఫీ బొమ్మ. మనుషుల సంగతి చిట్టచివర, ఏదో మరిచిపోయి గుర్తు తెచ్చుకున్నట్టు రెండు ముక్కలు. పరీక్షల్లో వచ్చేది నైలు నది ఒక్కటే కాబట్టి అందరూ నైలు నది చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళు.

తమాషా ఏమిటంటే మా పుట్టింట్లో పొయ్యి వెలిగేదే ఆఫ్రికా వల్ల. మాది చీరాల పక్కన పేరాల, నేతగాళ్ళ ఇల్లు. నాన్న నేసేది చీరలు కాదు, రుమాళ్ళు. పేరుకు రుమాలే గాని జేబులో పట్టేది కాదు. గజం పొడుగు, గజం వెడల్పు, ఎరుపు, నలుపు, నీలం గళ్ళు. షావుకారు నూలు ఇచ్చి, నేసినవి పట్టుకుపోయి, బేళ్ళు కట్టి మద్రాసులో ఓడ ఎక్కించేవాడు. ఎక్కడికని అడిగితే ఆఫ్రికాకి అనేవాడు. ఆఫ్రికాలో ఎక్కడికి, ఎవరికి, ఎందుకు అన్నది మా వీధిలో ఎవరికీ పట్టలేదు. అక్కడ ఎండలెక్కువ కాబట్టి చెమట తుడుచుకోవడానికని నాన్న తీర్మానించేశాడు.

"చెమటకి గజం గుడ్డెందుకయ్యా?" అని అమ్మ ఎగతాళి చేసేది.

"మనుషులు భారీగా ఉంటారంటలేవే" అనేవాడు నాన్న, మగ్గం మీంచి తల ఎత్తకుండానే.

మా ఇంట్లో ఎవరూ ఆ రుమాలు కప్పుకున్నది లేదు. రంగు తేడా వచ్చిందనో, పోగు తప్పిందనో షావుకారు తిప్పికొట్టిన ముక్కలు నేరుగా వంటింట్లోకి వెళ్ళేవి. అన్నం వార్చేటప్పుడు గిన్నె పట్టుకోవడానికి, మసి తుడవడానికి అమ్మకు అంతకంటే మంచి గుడ్డ దొరకదు.

అరవైల చివర మా తమ్ముడు బాపట్లలో వ్యవసాయం చదివేవాడు. వాడి క్లాసులో నైజీరియా నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు. ఆరడుగుల మనిషి, నెమ్మదైన గొంతు. నైజర్ నది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట అతని ఊరు. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి ఎండుచేపలు అమ్మి ఇద్దరు పిల్లల్ని పెంచింది. అతను ఇక్కడికి వచ్చిన కొన్నాళ్ళకే వాళ్ళ దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. వాళ్ళ ఊరు సరిగ్గా రెండు సైన్యాల మధ్యా పడింది. తల్లి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఆమె ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. సాయంత్రమైతే హాస్టల్ రేడియో ముందు కూర్చుంటాడనీ, వార్తల్లో వాళ్ళ దేశం పేరు రాకపోతే అన్నం ముందు నుంచి లేచిపోతాడనీ తమ్ముడు చెప్పాడు.

"తీసుకురారా మా ఇంటికి. రేడియో లేని చోట కూర్చుంటే రెండు ముద్దలు తింటాడు" అన్నాను.

అలా తెనాలి రాకపోకలు మొదలయ్యాయి. తమ్ముడు నన్ను అక్కా అంటాడు కాబట్టి అతనూ అక్కా అన్నాడు. హాస్టల్లో నేర్చుకున్న తెలుగులో "బాగున్నారాండి, ఏంటి సంగతులు?" అని గడపలో నిలబడి అడిగితే మా పక్కింటివాళ్ళు పనులు మానుకుని వచ్చి చూసేవాళ్ళు. మిగతా మాటలన్నీ ఇంగ్లీషులోనే.

ఒక శనివారం మా పెద్ద టీచరమ్మను బతిమాలి అతన్ని క్లాసుకు తీసుకెళ్ళాను. పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కాసేపటికి ముందు బెంచీ పిల్ల ధైర్యం చేసి లేచింది.

"సార్, మీ ఇంటి చుట్టూ సింహాలు తిరుగుతాయాండి?"

నేను ఇంగ్లీషులో చెప్పగానే అతను నవ్వాడు. జన్మలో సింహాన్ని చూసింది ఒక్కసారేనట, అదీ పోయిన నెల తెనాలి సర్కసు డేరాలో. "పాపం, చిక్కిపోయి ఉంది. దానికీ ఇంటి మీద బెంగ అనుకుంటా" అన్నాడు. క్లాసు క్లాసంతా ఘొల్లుమంది.

తర్వాత సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నదిని గీశాడు. ఒక్క నది పది పాయలైంది, పాయల మధ్య బురద, బురదలో వేళ్ళు పైకి లేచిన మడచెట్లు. తమ దగ్గర సింహాలు లేవు గాని మొసళ్ళు ఉన్నాయనీ, నీళ్ళలోనే ఉండి గడ్డి మేసే బొద్దు జంతువు ఒకటి ఉందనీ, అది మనిషి అలికిడికే సిగ్గుపడి మునిగిపోతుందనీ చెప్పాడు. ఆఫ్రికా అంటే ఒక ఊరు కాదనీ, తన ఒక్క దేశంలోనే వందల భాషలున్నాయనీ, పక్క పాయలో మాట్లాడే మాట తనకు రాదనీ అన్నాడు. ఊరి పెద్దలు పడవల పందేలు పెడతారట. పండగల్లో చేపల ముఖాలు, నీటి గుర్రాల ముఖాలు తలకు తొడుక్కుని మద్దెల దెబ్బలకు ఆడతారట. ఆ మద్దెల మాట్లాడుతుందట, తెలిసినవాళ్ళకు పేర్లు పెట్టి పిలిచినట్టే వినిపిస్తుందట. మా పిల్లలు బెంచీల మీద చేతివేళ్ళతో వాయించడం మొదలుపెట్టారు. నేను ఆపలేదు.

"మీ అమ్మగారు ఏం చేస్తుంటారండి?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

ఆ ప్రశ్న నేను చెప్పనక్కర లేకపోయింది. అమ్మ అన్న మాట అతనికి వచ్చు. కొంచెంసేపు కిటికీ వైపు చూసి, "నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నాడు. ఆ మాట నేను తెలుగులో చెప్పకుండా, ఇంకెవరైనా అడుగుతారా అన్నాను.

సెలవుల్లో ముగ్గురం రైల్లో రేపల్లె వెళ్ళి, అక్కడ నుంచి బస్సులో సముద్రం వైపు పోయాం. డెల్టా చివరన మడ అడవి మొదలయ్యే చోట బస్సు దిగగానే అతను బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు. మోకాలి లోతు బురదలోకి దిగి, ఒక చెట్టు వేరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఉప్పు వాసన, కుళ్ళిన ఆకుల వాసన. "అక్కా, ఇక్కడ అరిస్తే మా అమ్మకి వినిపిస్తుంది" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తమ్ముడు మాత్రం, "అరవరా మరి, ఎవరొద్దన్నారు?" అన్నాడు. అతను నిజంగానే వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అరిచాడు. కొంగలు లేచిపోయాయి.

ఈ లోపు పేరాలలో రుమాళ్ళ పని పడిపోయింది. ఆఫ్రికాలో ఏదో యుద్ధమంట, సరుకు తీసుకునేవాళ్ళు లేరంట అని షావుకారు నూలు ఆపేశాడు. నాన్న తువ్వాళ్ళు నేయడం మొదలుపెట్టాడు. చేయి తిరిగిన మనిషికి తువ్వాళ్ళు నేయడం చిన్నతనం. రోజంతా ఎవరినో తిడుతూ నేసేవాడు. ఏ యుద్ధం తమ్ముడి స్నేహితుడికి తల్లి కబురు అందనివ్వలేదో, ఆ యుద్ధమే మా మగ్గాన్నీ ఆపిందని అప్పటికి మాకెవరికీ తట్టలేదు.

తట్టింది అతను మొదటిసారి పేరాల వచ్చిన రోజున. మగ్గం ఉన్న వసారాలోనే భోజనాలు. అందరం పీటల మీద కూర్చున్నాం. అమ్మ అన్నం గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని తెచ్చి మధ్యలో పెట్టింది. అంతే, అతను విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు. వంటలో ఏదైనా పడిందేమోనని అమ్మ కంగారుపడింది.

అతను వంగి ఆ మసిగుడ్డను రెండు చేతులతో తీసుకున్నాడు. మసి, జిడ్డు, ఒక మూల కాలింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యో, అది వంటింటి గుడ్డ నాయనా! ఏంటే ఇది, చెప్పవే!" అని అమ్మ నా మీద పడింది.

"మా అమ్మ పెట్టె వాసన" అన్నాడు అతను.

వాళ్ళ నది ఊళ్ళలో ఈ గుడ్డను ఇంజిరి అంటారట. ఇండియా నుంచి వస్తుందని తెలుసు గాని, ఇండియాలో ఏ ఊరో వాళ్ళకు తెలియదు. పెద్ద ఇళ్ళలో తరాల తరబడి పెట్టెల్లో దాచుకుంటారు. బిడ్డ పుడితే అందులో చుట్టి వీపున కట్టుకుంటారు. మనిషి పోతే ఇంట్లోని ఇంజిరి గుడ్డలన్నీ తీసి మంచం అలంకరించి, చివరిసారిగా పడుకోబెడతారు. గుడ్డ అసలుదా కాదా అన్నది రంగు వాసన చూసి చెప్పేస్తారు. నేను ఒక్కొక్క మాటే తెలుగులో చెబుతుంటే నాన్న చేయి విస్తరిలోనే ఆగిపోయింది. అమ్మ ఆ మసిగుడ్డ వైపు చూడలేక తల తిప్పుకుంది.

తెరచాప ఓడల కాలంలో ఇలాంటి గుడ్డలే ఎర చూపించి, మనుషుల్ని బానిసలుగా కొనుక్కుపోయిన తెల్లవాళ్ళ సంగతి కూడా చెప్పాడు. ఎవరిమీదా కోపం లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. "నేసినవాడికి అదంతా ఏం తెలుస్తుందే" అని నాన్న నాతో అన్నాడు. అతనితో మాత్రం అనలేదు.

నాన్నకు కోపం వచ్చింది ఇంకో సంగతికి. వాళ్ళ ఆడవాళ్ళు ఈ గుడ్డ పరుచుకుని, బ్లేడుతో ఒక్కో పోగూ కోసి లాగేసి, గళ్ళలో తమకు కావలసిన కొత్త నమూనా తెస్తారట.

"కోస్తారా? నేను కళ్ళు పోయేలా నేస్తే, కూర్చుని పోగులు కోస్తారా? బుద్ధుందా వాళ్ళకి?"

"మా అమ్మ బాగా కోస్తుందండి" అన్నాడు అతను వచ్చీరాని తెలుగులో, గర్వంగా.

నాన్న విసురుగా లేచి వెళ్ళి, తన గడ్డం బ్లేడు, షావుకారు తిప్పికొట్టిన ఒక రుమాలు తెచ్చి ముందు పడేశాడు. అది ఆడవాళ్ళ పని కాబట్టి అతనికి చేతకాలేదు. తల్లి పక్కన కూర్చుని చూసిన జ్ఞాపకంతో తంటాలు పడి, అరచేతి మేర కోశాడు. నాన్న ఆ ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ముతక గళ్ళ మధ్య చిన్న చిన్న మెట్ల లాంటి నమూనా తేలింది. వెనక్కి తిప్పి చూశాడు, మళ్ళీ ముందుకు తిప్పి చూశాడు. "ఆవిడ కూడా మనలాంటిదేనే" అన్నాడు అమ్మతో. ఆ రోజు నుంచి మా వంటింట్లో మసిగుడ్డకు పాత పంచె ముక్కలు వచ్చాయి.

యుద్ధం ముగిసిందని రేడియోలో చెప్పినప్పుడు తమ్ముడు సైకిల్ మీద హాస్టలంతా తిరిగి అరిచాడట. షావుకారు కూడా మళ్ళీ నూలు పంపుతానని కబురు పెట్టాడు. మా వీధికంతా పండగే. వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం అతను ఒక్కడే పేరాల వచ్చాడు. నేను కాన్పుకు పుట్టింట్లో ఉన్నాను. అతని ముఖం చూడగానే అమ్మకు అర్థమైపోయింది. మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళి, చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

అతని సొంత అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట. ఊరు తగలబడుతుంటే తల్లీ, ఆ అక్కా పడవలో పారిపోయారు. దారిలో జ్వరం తగిలి, ఏదో తెలియని ఊళ్ళో తల్లి పోయింది. చాపలో చుట్టి పూడ్చారు. అది జరిగి రెండో ఏడు నడుస్తోంది. అతను రేపల్లె బురదలో నిలబడి అరిచిన నాటికే ఆమె లేదు. గుడ్డల పెట్టె ఇంటితో పాటు కాలిపోయింది. చదువు అయిపోతోంది కాబట్టి వెళ్ళాక ఆమె పేరు మీద మంచం అలంకరించి, జరగవలసింది ఆలస్యంగానైనా జరిపించాలి. దానికి రుమాళ్ళు కావాలి.

"నేస్తారా అండి?" అని నాన్నను అడిగాడు.

నాన్న మగ్గం మీద సగం నేసిన తువ్వాలును కోసి పక్కన పెట్టాడు. షావుకారు నూలు వచ్చేదాకా ఆగలేదు, ఊరంతా తిరిగి పాత రంగుల నూలు పోగుచేసుకొచ్చాడు. పడుగు తోడింది మొదలు అన్నీ తనే చేశాడు, ఎవరినీ చేయి పెట్టనివ్వలేదు. నేసినన్నాళ్ళూ ఎవరినీ తిట్టలేదు.

తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు అతను గుడ్డల మడతలు ఒక్కొక్కటీ వాసన చూసి, తల ఊపి, జేబులోంచి డబ్బు తీశాడు. నాన్న అటు తిరిగి కూర్చున్నాడు. అమ్మ అడ్డం వచ్చింది.

"ఉండు నాయనా. ఒసేవ్, వాళ్ళమ్మకి పుట్టింటివాళ్ళు ఎవరున్నారో అడుగు."

అడిగాను. ఇద్దరు మేనమామలుండేవారట. ఇద్దరూ యుద్ధంలో పోయారు.

"మరి పుట్టింటి చీర ఎవరు పెట్టారే?"

మా వైపు ఆడది పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అది పడకుండా పాడె లేవదు. ఎంత లేనివాళ్ళయినా అప్పోసప్పో చేసి తెస్తారు. నేను ఆ సంగతంతా ఇంగ్లీషులో చెప్పి, ఎవరూ పెట్టలేదని అతను చెప్పింది అమ్మకు చెప్పాను.

అమ్మ కాసేపు ఆ రుమాళ్ళ వైపు చూసింది. "ఆవిడ పుట్టినప్పుడు చుట్టిన గుడ్డ ఎవరు నేశారు? ఈ వీధిలోనే కదా నేశారు? మరి మనం కాకపోతే ఇంకెవరే పుట్టింటివాళ్ళు? పుట్టింటి చీరకి డబ్బులు తీసుకుంటారా ఎక్కడన్నా? లోపల పెట్టుకోమను."

పళ్ళెంలో పసుపు, తమలపాకులు పెట్టి, వాటి మీద రుమాళ్ళు పెట్టి అతని చేతుల్లో ఉంచింది. నేను చెప్పబోయాను గాని అతనికి నా ఇంగ్లీషు అవసరం పడలేదు. కబురు తెలిసినప్పుడు కూడా మా ముందు ఏడవని మనిషి, మగ్గం పక్కన కూలబడి, ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. నాన్న వచ్చి అతని వీపు మీద చేయి వేశాడు.

సాయంత్రం అతను గడప దాటాక అమ్మకు ఏదో గుర్తొచ్చింది. వెళ్ళేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదని గబగబా నడిచి, ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"అక్కడ ఎవరన్నా ఈ గుడ్డలు ఎక్కడివని అడిగితే ఏం చెబుతావు నాయనా?"

అతను గుడ్డల మూటను గుండెకు ఇంకొంచెం దగ్గరగా పట్టుకుని, మాటలు కూడదీసుకుని, తెలుగులోనే చెప్పాడు.

"మా అమ్మ పుట్టిల్లు పేరాల అండి."