పైడిరాజు పడవ మీద చెయ్యేసిందెవరు

పైడిరాజు మా కొట్టులో రంగు కొనే తీరు చూస్తే, నేను కల్తీ సరుకు అమ్ముతున్నానేమోనని నాకే అనుమానం వస్తుంది. సముద్రంలో చేపల వేట నిషేధం మొదలవగానే, ప్రతి వేసవీ టెక్కలి వచ్చేస్తాడు. డబ్బా మూత తీయిస్తాడు. వాసన చూస్తాడు. పుల్ల పెట్టి అడుగుదాకా తిప్పుతాడు. పక్కనున్న గిరాకీ "ఏటయ్యా, పులుసు రుచి సూత్తన్నావా?" అని నవ్వినా పట్టించుకోడు. అదే రంగు, అదే కొట్టు, అదే నేను. అయినా ఏటేటా కొత్త దొంగని చూసినట్టు చూస్తాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

వాళ్ళది సంతబొమ్మాళి అవతల సముద్రపొడ్డు పల్లె. అక్కడ కొందరు పెయింటర్ని పిలుస్తారు, పైడిరాజు మాత్రం పిలవడు. పెయింటరు పగులు కనబడినా పైన పూసేసి పోతాడట. పాత రంగు గీకడం, పగుళ్ళకి లప్పం పెట్టడం, కొత్త రంగు వెయ్యడం అన్నీ తనే. లప్పం ఆరకముందు తడి అరచేత్తో ఒత్తుతాడు. వాళ్ళ నాన్న అలాగే ఒత్తేవాడట. బావమరిది లోకనాథ్ ఏడాది పొడుగునా అదే పడవలో వల లాగినా, ఒడ్డెక్కాక బ్రష్ ముట్టుకోనివ్వడు. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పడవ ఒడ్డెక్కింది మొదలు మళ్ళీ నీళ్ళలో దిగేదాకా ఇంటి ఆడది దాని మీద చెయ్యి వెయ్యకూడదని వాళ్ళింటి కట్టడి.

ఈ ఏడు ఇంకా రంగు కొననే లేదు, తగువుకి వచ్చాడు.

"సావుకారూ, నిరుడు నాకేటి అమ్మినావు? పడవంతా రంగు పెచ్చులూడతంది. ముక్కు కింద గుప్పెడంత సోట మాత్రం సుత్తెట్టి కొట్టినా రాదు. ఒక డబ్బాలో రెండు రంగులు పోసినావా?"

గిరాకీల ముందు పరువు పోయింది. "పద, చూపించు" అని కొట్టు మా అబ్బాయికి అప్పగించి, బండి తీశాను.

పడవని పక్కకి ఒరిగించి ఉంచాడు. దూరంగా లోకనాథ్ ఇసకలో కూర్చుని, మొహం ముడుచుకుని వల బాగుచేసుకుంటున్నాడు. నేను వంగి చూశాను. రంగు తప్పేం లేదు. గీకిన గీతల్లోంచి కనిపిస్తున్నది బూడిదరంగు లప్పం, రెండు ముద్దలు కలిపి పెట్టే గట్టి రకం. పైడిరాజు వాడేది తెల్లది.

"ఇది నా లప్పం కాదు," అన్నాడు పైడిరాజు. "నిరుడు కామెర్లొచ్చి నాను పలాస ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవులో సేసినారు. లేసొచ్చి ఆ నీరసంలోనే సూసుకోకుండా పైన రంగేసేసినాను. పడవని దేనికో కొట్టించి, కన్నం పడితే మూసేసినారు. ఇంకెవులు? అడిగో, ఆడే. వేట మొదలైనాక ఈ పడవెక్కనివ్వను."

"బావా, నాను ముట్టుకోలేదు. ఒట్టు," అన్నాడు లోకనాథ్ తలెత్తకుండానే. ఆ మనిషికి వేరే పడవ లేదు. ఇంకో పడవలో ఎవరు చేర్చుకుంటారు, దొంగపని చేశాడని పేరు పడ్డాక?

అంతలో పైడిరాజు భార్య దాలమ్మ నాకు మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అందుకోబోతూ ఆ చెయ్యి చూశాను. నడిమి వేలు సగమే ఉంది. పెళ్ళికి ముందు పలాసలో జీడిగింజలు కోసే మిషన్ కింద పోయిందట. ఆ చెయ్యి నేనెరుగుదును. నిరుడు వేసవి వానలో తడుస్తూ మా కొట్టుకొచ్చి, నీళ్ళ డ్రమ్ము కారుతోంది, గట్టి లప్పం కావాలని పట్టుకెళ్ళిన చెయ్యి అదే. డ్రమ్ముకి అంత లప్పం ఎందుకని అప్పుడే అనుకున్నాను.

చెప్తే ఆమె సంసారంలో నిప్పు. చెప్పకపోతే లోకనాథ్ కూటికి దెబ్బ. "పోనీ, గట్టిగానే ఉంది కదా. దీని మీదే రంగు వేసెయ్," అన్నాను.

పైడిరాజు కళ్ళు చికిలించాడు. "నీకెందుకంత తొందర?"

థిన్నర్లో గుడ్డ ముంచి తనే రుద్దడం మొదలెట్టాడు. గుంటల్లో మిగిలిన పాత రంగు కరిగిపోయింది. లప్పంలో ఒక అరచెయ్యి తేలింది. బొటనవేలు, చూపుడువేలు, సగం వేలు, మిగతా రెండు.

లోకనాథ్ వల వదిలేసి లేచి నిలబడ్డాడు.

"నానే," అంది దాలమ్మ. "నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాన పడి పడవలో నీల్లు నిలిసినాయి. ఆ ముక్కు కింద నుంచి ఇసకలోకి కారతన్నాయి. తమ్ముడికి సెప్తే, ఆడే పగలగొట్టినాడంటావు. నీకు సెప్తే, కామెర్లతో లేసొచ్చేత్తావు. మరేటి సెయ్యను?"

"లప్పం కలపడం నీకెవులు సెప్పినారు?" అప్పటికీ అనుమానమే.

"నువ్వే. ఇన్నేల్లు ఒడ్డున కూకుని సూడలేదేటి?"

"ఎక్కడ కొన్నావు?"

ఆమె నా వంకైనా చూడకుండా, "ఎక్కడో కొన్నానులే," అంది.

పైడిరాజు ఆ గుర్తు మీద తన అరచెయ్యి ఆనించాడు. ఆ పగులుతోనే ఏడాదంతా సముద్రంలోకి వెళ్ళాడు, తుఫానుకి ముందు పోటులో కూడా. తను చూడని పగులు. ఆ మొండిమనిషి మీద నాకు మొదటిసారి జాలేసింది.

"నాకు కనబడనేదు," అన్నాడు చివరికి. లోకనాథ్ వైపు తిరగలేకపోయాడు. గీకే రేకు మాత్రం అతని చేతిలో పెట్టి, "రెండో పక్క నువ్వు గీకు," అన్నాడు. గీకుతున్నంతసేపూ వెనకాలే నిలబడి చూశాడు, అది వేరే సంగతి.

రెండు రోజులకి రంగు కొనడానికి వచ్చాడు, దాలమ్మని వెంటబెట్టుకుని. నేను ఎప్పట్లాగే విసుక్కుంటూ మూత తీసి పుల్ల ఇచ్చాను. అతను అందుకోలేదు. డబ్బాని భార్య ముందుకి జరిపాడు.

"నువ్వు సూడు," అన్నాడు. "నువ్వు సరేనంటే తీసుకుందాం."