పాతరలో ఆరిన దీపం

ఆ మధ్యాహ్నం జొన్న పాతర మూతి దగ్గర ఉన్నది నలుగురం. టెంటు సినిమా యజమాని గంగిరెడ్డి, వేషగాడు చెన్నకేశవులు, మోకు పట్టిన దస్తగిరి, నేను. వస్తువులు: తాళం తిప్పితే స్ప్రింగు మీద నడిచే చేతి కెమెరా, అందులో మా దగ్గర మిగిలిన ఆఖరి ఫిల్ము చుట్ట, ఎండను లోపలికి మళ్ళించడానికి రెండు డబ్బా రేకులు, కడవెడు నీళ్ళు, చింపిన గోనెపట్టాలు, మొహానికి పూసుకునే బొగ్గుపొడి, ఒక లాంతరు. లాంతరును ఆఖరున రాశాను. ఎప్పుడు తలుచుకున్నా దాన్ని ఆఖరికే నెట్టేస్తాను. ఎనిమిదేళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే.

మీరు నన్ను ఎరుగరు. ఎరిగినవాళ్ళకు చెప్పలేను. ఇది చదివాక మీరు నన్ను ఏమనుకున్నా అది నా దాకా రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ధైర్యమా ఇది? కాకపోవచ్చు.

ముందు సినిమా సంగతి చెప్పాలి. అష్టగ్రహ కూటమి వస్తోంది, లోకం అంతమైపోతుంది అని జనం భయపడిన ఏడు అది. ప్రొద్దుటూరులో హోమాలు చేశారు. కొందరు కోళ్ళనూ మేకలనూ కోసుకు తినేశారు. గంగిరెడ్డి టెంటు మాత్రం నిండుతూనే ఉంది. గ్రహాలు వచ్చి పోయాయి, లోకం ఉండిపోయింది. అప్పుడాయనకు ఆలోచన పుట్టింది.

"లోకం పోతాదని ఏడ్చినోడు కూడా టికెట్టు కొన్యాడు రా. పోయింటే ఎట్లుంటాదో చూపిస్తే ఇంకెంతమంది వస్తారో."

నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, ప్రొద్దుటూరులో చిన్న రేడియో రిపేరు అంగడి పెట్టుకుని ఉన్నాను. వయసు ఇరవై రెండు. గంగిరెడ్డి మద్రాసు నుంచి ఒక పాత కెమెరా తెప్పించి నా చేతిలో పెట్టాడు. కథ ఇది. నిప్పుల వాన కురిసి భూమి మాడిపోయింది. మిగిలినవాళ్ళు గింజ కోసం ఒకరినొకరు చంపుకుంటున్నారు. ఆఖరి మనిషికి జొన్న పాతర ఒకటి దొరుకుతుంది. దిగుతాడు. అక్కడే ఊపిరాడక చస్తాడు. మాటలు రికార్డు చేసే యంత్రం మాకు లేదు. ఆట ఆడేటప్పుడు తెర వెనక నుంచి చెన్నకేశవులే మైకులో మాటలు చెప్పాలని ఒప్పందం. మాడిపోయిన భూమి కోసం మేము ఖర్చు పెట్టింది ఏమీ లేదు. ఎండాకాలంలో తొండూరు వైపు పోతే చాలు.

చెన్నకేశవులు నాటకాల్లో దుర్యోధనుడు, రావణుడు వేషాలు కట్టేవాడు. ఒక పద్యాన్ని ఒకే ఊపిరితో పాడి, ఆఖరి రాగం ఆపకుండా జనం వైపు నవ్వగలిగిన మనిషి. ఒకప్పుడు బాగా తాగేవాడు. భార్య సుబ్బమ్మ కమలాపురంలోని అన్న ఇంటికి వెళ్ళిపోతే, ఇక ముట్టనని ఆమె తల మీద చెయ్యి పెట్టి చెప్పి తెచ్చుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. మా అందరికీ తెలుసు.

నన్ను అల్లుడా అనేవాడు. నేను మామా అనేవాణ్ణి. కెమెరా ముందు కూడా ఆయన నాటకమే ఆడేవాడు. చేతులు విసరడం, కళ్ళు ఉరమడం. తగ్గించు మామా అని రోజూ బతిమాలేవాణ్ణి. ఒకరోజు అందరి ముందరా అన్నాడు.

"అల్లుడా, నీ డబ్బాలో నా రాగం పట్టదప్పా. తాళం తిప్పేటోనికి ఊపిరి సంగతి ఏం తెలుస్తాది?"

దస్తగిరి నవ్వాడు. గంగిరెడ్డి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంత చిన్న మాటకా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అదే అడిగాను. కానీ ఆ మాట ఈ లెక్కలో లేదని చెబితే మళ్ళీ అబద్ధమవుతుంది.

ఇప్పుడు పాతర. మా వైపు జొన్నలను నేలలో గొయ్యి తవ్వి పోస్తారు. మూతి ఇరుకు, అడుగు వెడల్పు. పైన బండ వేసి మట్టి కప్పుతారు. తీసేటప్పుడు బండ జరిపి ఒక రోజంతా గాలికి వదిలేస్తారు. ఆ తర్వాత దీపం దించుతారు. దీపం ఆరితే ఎవరూ దిగరు. పాలు మరిచిన పిల్లవాడికి కూడా తెలిసిన పని ఇది. మేము చూసుకున్న పాతర, జనం వదిలిపోయిన ఒక చిన్న ఊళ్ళో ఉంది. వాన నీళ్ళు ఇంకి అడుగున గింజ కుళ్ళింది. బండ ఆ పొద్దున్నే జరిపాము. ఒక రోజు ఆగే ఓపిక గంగిరెడ్డికి లేదు. మరుసటి రోజు టెంటు పులివెందులలో వేయాలి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు మాత్రమే ఆ మూతిలోంచి వెలుగు అడుగు దాకా పడుతుంది.

మిగతావాళ్ళు అవతల గోడ నీడలో సంగటి తింటున్నప్పుడు నేను ఒక్కణ్ణే లాంతరు దించాను. సగం లోతులోనే మంట చిన్నదయింది. ఇంకొంచెం దించాను. ఆరిపోయింది. పైకి లాగి, వెలిగించి, మళ్ళీ దించాను. మళ్ళీ ఆరింది.

నాకు చదువు గుర్తుకొచ్చింది. మంట ఆరే గాలిలో కూడా మనిషి కొంతసేపు బతకగలడని పుస్తకంలో చదివాను. ఆ వాక్యం నిజమే. ఆ వాక్యాన్ని నేను అప్పుడు వెతుక్కోవడమే అబద్ధం. చూడండి, ఆయన చనిపోతాడని నేను అనుకోలేదు. ఊపిరికి ఇబ్బంది పడతాడనుకున్నాను. పడాలనుకున్నాను. ఇన్ని రోజులుగా ఆయన మొహంలోంచి నేను రప్పించలేనిది ఆ గొయ్యి రప్పిస్తుందనుకున్నాను. లాంతరు తీసి బండ వెనక పెట్టాను.

మోకు నడుముకు కట్టుకుంటూ ఆయన అడిగాడు.

"దీపం దించినావా అల్లుడా?"

"దించినా మామా."

"ఆరల్యా కదా?"

"ఆరల్యా. దిగు."

"నీ మాట మీద దిగుతాండా. సస్తే దయ్యమై నీ రేడియోలో దూరి పద్యాలు పాడతా, ఎవరూ రిపేరు చేయలేరు."

నవ్వుతూ దిగాడు. భుజాలు మూతికి రాసుకున్నాయి. గంగిరెడ్డి రేకులు పట్టాడు. నేను బోర్లా పడుకుని కెమెరా కంటికి పెట్టుకున్నాను. ఆయన అడుగున నిలబడి, అలవాటు కొద్దీ చేతులు విసిరాడు. ఆ గాలి బరువైనది, అడుగునే ఉంటుంది. నిలబడితే తల కొంచెం పైన ఉంటుంది. అది నాకు తెలుసు.

"మామా, మోకాళ్ళ మీద కూచో. గింజల మీదికి వంగు" అన్నాను.

వంగాడు. పిడికెడు గింజ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. చెయ్యి ఆగింది. నోరు తెరుచుకుంది. ఆ తర్వాత నేను చూసినదాంట్లో నాటకం లేదు. గొంతు పట్టుకున్నాడు. గోడను గీరాడు. తల పైకెత్తాడు.

మోకు పట్టుకున్న దస్తగిరి అడిగాడు. "అన్నా, మామది యాక్టింగా ఇది?"

అప్పుడే కెమెరా ఆగింది. స్ప్రింగు అయిపోయింది. ఒక్కసారిగా ఆ గరగర శబ్దం లేక నిశ్శబ్దమైపోయింది. ఆయన పైకి చూస్తున్నాడు. నా వైపే. కెమెరా వైపు కాదు. లాగండి అని ఒక్క మాట అంటే చాలు. ఆ నిశ్శబ్దంలో నేను తాళం పట్టుకుని తిప్పాను. తిప్పడం పూర్తి చేసి మళ్ళీ కంటికి పెట్టుకున్నాను.

"యాక్టింగే. మోకు కదిలియ్యద్దు, బొమ్మలో పడతాది" అన్నాను.

మొదటి అబద్ధానికి పొద్దు నడినెత్తి దాటిపోతుందని సాకు చెప్పుకోవచ్చు. ఆ తాళానికి ఏ సాకూ లేదు. ఎన్నో రాత్రులు వెతికాను, లేదు.

ఆయన పక్కకు ఒరిగిపోయాక దస్తగిరి నా మాట వినలేదు. లాగాడు. గంగిరెడ్డి రేకు పారేసి మోకు పట్టుకున్నాడు. భుజాలు మూతిలో ఇరుక్కుంటే నేను కూడా చేతులు పెట్టి లాగాను. ఆ చేతుల్నే అందరూ గుర్తు పెట్టుకున్నారు. నీళ్ళు చల్లితే చాలాసేపటికి ఊపిరి వచ్చింది. కళ్ళు తెరిచాడు గానీ ఎవరినీ గుర్తుపట్టలేదు.

"దీపం దించితివి కదరా?" అన్నాడు గంగిరెడ్డి.

"దించినా. వెలిగింది. మామనే తాగి దిగినట్టుండాడు. వాసన చూడు."

వాసన ఉంది. కుళ్ళి పులిసిన గింజ వాసన ఆయన ఒంటి నిండా అంటుకుని ఉంది. నాటుసారా వాసనకూ దానికీ తేడా పట్టాలంటే పట్టవచ్చు. ఎవరూ పట్టలేదు. అవి మద్యనిషేధం ఉన్న రోజులు. తాగినట్టు తేలితే కేసవుతుందని గంగిరెడ్డి పులివెందుల ఆస్పత్రికి పోనీయలేదు. ఎద్దుల బండిలో చొప్ప మీద పడుకోబెట్టి ప్రొద్దుటూరు దారి పట్టించాడు. ఆ అబద్ధం ఆయన పేరుతో పాటు వైద్యాన్ని కూడా తినేసింది. దారి పొడుగునా ఆయన తల నా ఒడిలోనే ఉంది. కెమెరా కూడా.

ఆయన బతికాడు. నడిచాడు, తిన్నాడు. పద్యం మాత్రం పోయింది. మొదటి పాదం ఎత్తుకుని రెండోదాని దగ్గర ఆగిపోయేవాడు. ఆగి, చేతులు చూసుకునేవాడు. నాటకాల వాళ్ళు కొన్నాళ్ళు చూసి వేరేవాణ్ణి పెట్టుకున్నారు. సుబ్బమ్మ తన తల మీద పెట్టిన చేతిని తలుచుకుని మళ్ళీ కమలాపురం వెళ్ళిపోయింది. మెయిన్ రోడ్డు టీ అంగట్లో కూర్చుంటే కుర్రవాళ్ళు, "తాతా, పాతరలో సారా పోసినారంట, నిజమేనా" అని అడిగేవాళ్ళు. ఆయన వాళ్ళతో పాటు నవ్వేవాడు.

సినిమా ఆడింది. జమ్మలమడుగులో, పులివెందులలో, మధ్య ఊళ్ళలో. తెర వెనక మాటలు చెప్పాల్సిన మనిషి లేడు గనక నేను చెప్పాను. పాతర సీను వచ్చినప్పుడు మైకు దగ్గరగా పెట్టుకుని, ఊపిరాడనట్టు గొంతు చేసేవాణ్ణి. దాన్ని బాగా నేర్చుకున్నాను. స్ప్రింగు ఆగిన చోట బొమ్మ ఒక్క క్షణం ఎగురుతుంది. అక్కడ నేనూ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. టెంటులో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్ళు. "నిజంగా సచ్చినట్టే చేసినాడప్పా" అని ఎవరో అంటే నాకు లోపల సంతోషం కలిగేది. రాయడానికి చెయ్యి ఆడటం లేదు గానీ, కలిగింది. నేను తీసినవాటిలో మంచి షాటు అదొక్కటే.

ఏడాది తర్వాత ఒకరోజు ఆయన నా అంగడికి వచ్చాడు. ఒక రేడియో విప్పుకుని కూర్చున్నాను. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అల్లుడా, ఆ పొద్దు నాకు గుర్తుకు రాదప్పా. దిగింది కూడా తెలీదు. నువ్వు పక్కనే ఉంటివి. నిజం చెప్పు. నేను తాగింటినా?"

ఇది నాలుగోసారి నాకు దొరికిన అవకాశం. ఎదురుగా ఇంకెవరూ లేరు. చెబితే ఆయన నన్ను కొట్టేవాడు కూడా కాదేమో. ఆ మనిషికి కావలసింది ఒక్క మాట. ఆ మాటతో కమలాపురం బస్సెక్కి పోయి, సుబ్బమ్మ ముందు తలెత్తి నిలబడి ఉండేవాడు. నేను ఏమాలోచించాను? అంగడి గురించి. ఆ మధ్యే నాకు సంబంధం ఒకటి కుదిరింది, దాని గురించి. చేతిలోని టంకం వేసే కాడ చల్లారిపోతోందని, దాని గురించి కూడా.

"కొంచెం తాగింటివి మామా" అన్నాను.

తల ఆడించాడు. తన మాట కంటే నా మాట మీదే ఆయనకు నమ్మకం.

"నేనూ అట్లే అనుకుంటాండా" అన్నాడు. "తప్పయిపోయింది అల్లుడా. మీరంతా అంత కష్టపడతాంటే... నీ షాటు చెడగొట్న్యానా?"

"లేదు మామా. శానా బాగా వచ్చింది."

"పోనీలే" అని వెళ్ళిపోయాడు.

మరి రెండేళ్ళకు పోయాడు. పాడె దగ్గర దస్తగిరి చెప్పాడు నాకు. నా అంగడికి వచ్చి పోయిన మరుసటి రోజు నుంచి ఆయన తిరిగాడట, కాలినడకన, ఎవరెవరికి మొహం చూపించాలో వాళ్ళందరి దగ్గరికీ. తాగి దిగినాను, మీ పని చెడగొట్టినాను, మన్నించండి అని. గంగిరెడ్డి కాళ్ళు పట్టుకున్నాడట. దస్తగిరి వద్దంటున్నా వినలేదట. కమలాపురం పోయి సుబ్బమ్మ వాకిట్లో నిలబడితే ఆమె తలుపు తీయలేదట. మూసిన తలుపుకే చెప్పి వచ్చాడట. నాటకాల వాళ్ళ ఇళ్ళకు కూడా, ఒక్కొక్క ఇంటికీ.

ఆయన తాగలేదు. దీపం ఆరింది. రెండుసార్లు ఆరింది. ఈ మూడు వాక్యాలు ఇంతవరకు నేను ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాశాక ఛాతీలో కొంచెం వదులైంది. అలా వదులు కావడానికి నాకు హక్కు లేదు. అయినా అయింది, అందుకని అదీ రాస్తున్నాను. సుబ్బమ్మ కమలాపురంలోనే ఉంది. ఆమెకు ఈ కాగితం పంపుతానా? తెలియదు. పంపుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీరు ఇప్పుడే చదివారు.

ఆయన మన్నించమని అడిగినవాళ్ళు, నాతో కలిపి, తొమ్మిది మంది.