తిరిగొచ్చిన పట్టుపంచె

మా అల్లుడు తను చదివిన కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి ఏటా విరాళం ఇస్తాడు. బదులుగా స్టేడియంలో మంచి సీట్లిస్తారు, ఒక టోపీ ఇస్తారు. అలా ఇచ్చినవాళ్ళ ఇంట్లోంచి ఆటగాళ్ళకి ఏదీ వెళ్ళకూడదని ఒక రూలుందట. అల్లుడు ఆ కాగితాలు ఎప్పుడూ చదవలేదు. నాకు చెప్పినవాళ్ళూ లేరు. నేను అరవై దాటాక, అమెరికాకి, ఆల్ఫారెట్టాలో ఈ ఇంటికొచ్చాక, మనవరాలు పక్కన కూర్చుని దిద్దిస్తే అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆ ఆట మాత్రం ఇప్పటికీ నాకు ఎక్కదు. ఒకడి మీద ఒకడు పడతారు, విజిల్ వేస్తారు, లేచి మళ్ళీ పడతారు.

మనవరాలు చదివేదీ ఆ కాలేజీలోనే. జట్టులో ఒక కుర్రాడు ఆమెతో ఒకే క్లాసు. థాంక్స్‌గివింగ్‌కి అందరూ పండగ సెలవులకి ఇళ్ళకి పోతే, ప్రాక్టీసు వల్ల టెక్సాస్‌ పోలేక హాస్టల్లో ఒక్కడే ఉండిపోయాడని ఇంటికి తీసుకొచ్చింది. మా గుమ్మంలోంచి తల వంచి రావాల్సినంత మనిషి. "మ్యామ్" అనబోతే మనవరాలు ఆపి "అమ్మమ్మ అను" అంది. అప్పట్నుంచి అలాగే పిలిచాడు. పప్పు, కోడివేపుడు, పెరుగన్నం పెట్టాను. "చాలా?" అని నేనే అడిగేదాకా తిన్నాడు.

మొదటిసారి గడప తొక్కిన మనిషిని ఒట్టి చేతులతో పంపడం నాకు చేతకాదు. ఆ భుజాలకి ఏ చొక్కా పడుతుంది? బీరువాలోంచి పట్టుపంచె తీసి, బొట్టు పెట్టి ఇచ్చాను. పంచెకి కొలతతో పని లేదు కదా. వాడు దాన్ని ప్యాంటు మీదే చుట్టుకుని ఫోటో దిగి ఫోన్‌లో అందరికీ చూపించుకున్నాడు. ఆ తర్వాత మనవరాలు ఇంటికొచ్చి వెళ్ళినప్పుడల్లా వాడికో డబ్బా పులిహోర కట్టేదాన్ని.

మరుసటి ఏడాది ఆటల సీజన్ మొదలయ్యే ముందు కాలేజీ మీద విచారణ పడింది. కోచ్ మాట్లాడకూడని నెలల్లో హైస్కూలు పిల్లలకి ఫోన్లు చేసి జట్టులోకి లాగాడట. ఆ తవ్వకంలో నా పంచె ఫోటో కూడా బయటపడింది. శిక్షలు వేశారు. సీజన్ చివర జరిగే పెద్ద ఆటలోకి జట్టు పోకూడదు. ఈ కుర్రాడైతే ఆ ఏడాదంతా ఆడనే కూడదు.

వంటింట్లో ఉండగా మా అమ్మాయి వచ్చి ఆ సంగతి చెప్పింది.

"నువ్వు పెట్టిన పంచె వల్ల అతన్ని ఆపేశారమ్మా."

"పంచె వల్ల ఆపడమేంటే?"

"రూల్ బ్రేక్ అయింది. మనం డోనర్స్."

"డోనరు మీ ఆయన. నేనెప్పుడు డబ్బిచ్చాను?"

"ఇంట్లో అందరినీ కలిపే చూస్తారట."

"మరి అన్నం?"

"ఎప్పుడో ఒకసారి మీల్ అంటే ఓకే. అన్నిసార్లు డబ్బాలు పంపితే కాదు."

అదే కుర్రాడు బర్గర్ కొరుకుతున్న ఫోటో హైవే పక్కన బోర్డు మీద ఉంది. దానికి ఆ కొట్టువాళ్ళు డబ్బిచ్చారట, అది రూలు ప్రకారమేనట. బర్గర్ పట్టుకుంటే డబ్బు, నా పులిహోర తింటే నేరం. నేను నమ్మలేదు. మనవరాలితో ఇంకోసారి చెప్పించుకున్నాను. అయినా నమ్మలేదు.

"అత్తయ్యగారూ, నన్ను ఇంక గేమ్స్‌కి రావద్దన్నారు," అన్నాడు అల్లుడు, సోఫాలో కూలబడి.

"మీరు టీవీలో చూస్తారులెండి. వాడి సంగతేంటి?"

వాడికది ఆఖరి ఏడు. పెద్ద జట్లవాళ్ళు మనుషుల్ని ఎంచుకోవడానికి వచ్చి చూసేది ఆ ఏడే. మైదానంలోకి దిగకపోతే వాణ్ణి ఎవరూ చూడరు, అక్కడితో సరి.

కాలేజీ శిక్షల మీద అప్పీలు చేసింది. రూళ్ళు చూసే సంస్థ నుంచి ఒక ఆఫీసరమ్మ, కాలేజీ తరఫున ఒక లాయరు మా ఇంటికొచ్చారు. మనవరాలు తర్జుమా చేయకూడదన్నారు. ఫోన్‌లో ఎవరో తెలుగాయన చేశాడు.

"జట్టు గెలవాలని ఇచ్చారా?"

"ఆ ఆట చూళ్ళేక నేను లోపలికి పోతానమ్మా."

"అతను ఆటగాడు కాకపోయినా ఇచ్చేవారా?"

"వాటర్ హీటర్ బాగుచేసినాయనకీ తువ్వాలు పెట్టాను."

"రుజువుందా?"

"తువ్వాలు పెట్టి రసీదు అడుగుతామా?"

ఫోన్‌లో ఆయన నవ్వాపుకుని తర్జుమా చేశాడు. ఆఫీసరమ్మ నవ్వలేదు. ప్రశ్నలయ్యాక బ్యాగు సర్దుకుని లేచింది. నేను దేవుడి గదిలోకెళ్ళి పళ్ళెంలో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, అరటిపళ్ళు పెట్టుకొచ్చి ఆమె ముందు నిలబడ్డాను. అమ్మాయి నాకు అడ్డొచ్చింది.

"అమ్మా, ఆవిడ ఎంక్వైరీకి వచ్చింది."

"వస్తే? మనింటికి రావడం మొదటిసారేగా."

ఆఫీసరమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. కుంకుమ వద్దంది. జాకెట్టు ముక్క వద్దంది. అరటిపండైనా తీసుకోమంటే, అదీ వద్దంది. నా జన్మలో పళ్ళెం ముందు పెడితే వెనక్కి నడిచిన మనిషిని చూడలేదు. లాయరు మాత్రం పళ్ళెం వంక చూసి ఏదో రాసుకున్నాడు. దీన్నిక్కడ లంచం అంటారని సాయంత్రందాకా అమ్మాయి నన్ను తిడుతూనే ఉంది.

తీరా చూస్తే ఆ పళ్ళెమే పనికొచ్చింది. తనకీ అలాగే పెట్టబోయారని ఆఫీసరమ్మ ఉన్నదున్నట్టు నివేదికలో రాసింది. లాయరు ఆ మాట పట్టుకునే, ఈవిడ గడప తొక్కినవాళ్ళెవరికైనా పెడుతుందని వాదించాడట. సీజన్ సగంలో తీర్పొచ్చింది. కోచ్ చేసినదానికి జట్టు శిక్ష అలాగే ఉంచారు. అది సబబే. కుర్రాడు ఆడొచ్చన్నారు, కాకపోతే పంచె తిరిగిచ్చెయ్యాలి. తీసుకున్నట్టు నేను సంతకం పెట్టాలి.

నేను పెట్టనన్నాను. బొట్టు పెట్టి ఇచ్చిన బట్ట తిరిగి గడప దాటి రావడమా?

"నువ్వు పెట్టకపోతే శనివారం అతను ఆడడు అమ్మమ్మా," అంది మనవరాలు.

శుక్రవారం వాడొచ్చాడు. లోపలికి రాలేదు. ఈ గడప తొక్కొద్దని కాలేజీవాళ్ళు చెప్పి పంపారట. పంచె మెషీన్‌లో ఉతికి, నాలుగు మడతలు వేసి తెచ్చాడు. జరీ అంచు ముడుచుకుపోయి ఉంది. రెండు చేతులతో అందించాడు. కాగితం వాడు తెచ్చిన ఫైలు మీదే పెట్టి, మనవరాలు నేర్పిన అక్షరాలతో మెల్లగా నా పేరు రాశాను. ఆఖరి అక్షరం అయ్యేదాకా వాడు ఆ ఫైలు కదలకుండా పట్టుకున్నాడు.

"సారీ అమ్మమ్మా," అన్నాడు.

"అన్నం తిని పోరా," అన్నాను. మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది.

వాడు తల అడ్డంగా ఊపి, సంచిలోంచి కాగితంలో చుట్టిన శాండ్‌విచ్ తీసి చూపించాడు. పోతాడనుకున్నాను. పోలేదు. బయట మెట్టు మీద కూర్చుని అది విప్పుకున్నాడు. గడపకి ఇవతల నేనూ కూర్చున్నాను, ఒళ్ళో పంచె పెట్టుకుని. మా ఇంటి ముందు కూర్చుని ఒక మనిషి తను తెచ్చుకున్నది తింటున్నాడు. ఇంకాస్త వేసుకోమనడానికి నా దగ్గర ఏమీ లేదు.