రెండో నంబరు

పెరట్లో పాముల భయానికి ఒక బ్యాటరీ లైటు కొనాలనుకున్నాను. ఫోనులో చూస్తే చైనా లైటు సగం ధరకే దొరుకుతోంది. కానీ డెలివరీ చార్జీలు వేరే, వచ్చేసరికి ఇరవై రోజులు. పాడైతే మన ఖర్చుతో మనమే తిరిగి పంపాలట. వారంటీ, నా మొహం! పెనుగంచిప్రోలులో ఆటో ఎక్కి జగ్గయ్యపేట వెళ్ళి, మన దేశంలో తయారైన లైటే ఏడాది వారంటీతో తీసుకున్నాను.

షాపతను వారంటీ కార్డు మీద నా నంబరు రాసుకుని, "ఇంట్లో ఇంకొకళ్ళ నంబరు కూడా చెప్పండి బాబాయ్ గారూ" అన్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరని చెప్పడానికి నోరు రాలేదు. చనిపోయిన నా భార్య నంబరు చెప్పాను. ఆ ఫోనుకి ఇప్పటికీ రీచార్జి చేయిస్తున్నాను. రోజూ చార్జింగ్ పెట్టి బీరువాలో ఉంచుతున్నాను. ఎవరైనా అడిగితే బ్యాంకు పనుల కోసమని చెబుతాను.

మూడో నెలలోనే లైటు స్విచ్చి పాడైంది. మన సరుకు ఘనత ఇదన్నమాట! తిట్టుకుంటూ తీసుకెళ్ళి ఇచ్చాను.

"కంపెనీకి పంపిస్తానండి. రాగానే ఫోన్ చేస్తా" అన్నాడు షాపతను.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే బీరువాలో ఆమె ఫోను మోగింది. నా ఫోను చార్జింగ్ అయిపోయి పొద్దున్నుంచీ ఆగిపోయి ఉంది. చేసింది షాపతనేనని తెలుసు. అయినా ఎంగిలి చేత్తో బీరువా ముందు నిలబడి, ఆ మోత ఆగేదాకా విన్నాను.

మళ్ళీ చేస్తాడు కదా అని, ఆ రోజంతా నా ఫోనుకి చార్జింగ్ పెట్టలేదు.